గాజు సంచిలో ఉల్లిగడ్డ

సత్తెమ్మ తెల్లవారకముందే సంచి సర్దింది. తువ్వాల, సబ్బు, కాగితంలో చుట్టిన తీపి గరిజెలు, వడదెబ్బ తగలకుండా ఒక ఉల్లిగడ్డ. మధ్యాహ్నం మూడింటికి కాశీ విమానం. దారిలో, విమానాశ్రయం దగ్గరి ఒక హోటల్లో, మనవరాలు సంతోషి చేసిన గాజు బొమ్మను చూడాలి. ఇదీ ఆనాటి ఏర్పాటు.

"అమ్మమ్మా, అంతా గాజు సామాను. ఏదీ ముట్టుకోకు," మామిడిపల్లి నుంచి ఆటోలో పదోసారి చెప్పింది సంతోషి.

"ముట్ట తియ్యే. చేతులు కట్టుకొని నిలబడ్త."

కాటేదాన్ కార్ఖానాలో గాజు పని నేర్చిన సంతోషికి ఇది మొదటి ప్రదర్శన. హాలు మధ్యలో దిమ్మె మీద ఉందది: నిలువెల్లా గాజుతో పోతపోసిన ప్రయాణపు సంచి. తెగిన పిడికి వేసిన ముడి కూడా గాజుదే. సత్తెమ్మ చూడగానే గుర్తుపట్టింది. అది పెనిమిటి పెంటయ్య సంచి. తాతను ఎన్నడూ చూడని పిల్ల, తాను చెప్పిన గుర్తులతోనే రెండేళ్లు కష్టపడి చేసింది. సత్తెమ్మ పక్కనున్న ముగ్గురికి అడక్కుండానే "మా మనుమరాలు చేసింది" అని చెప్పింది. నాలుగో ఆయన తప్పించుకున్నాడు.

అప్పుడు ఆమె చూపు సంచి లోపలికి పోయింది. ఖాళీ!

పక్కింటి గిన్నెను కూడా సత్తెమ్మ ఏనాడూ ఖాళీగా తిప్పి పంపలేదు. ఊరికి పోయే సంచి ఖాళీగా ఉండడమా? సంతోషి అటు నిర్వాహకుడు హరిప్రసాద్‌తో మాట్లాడుతోంది. సత్తెమ్మ సంచిని ముట్టలేదు. తెరిచిన మూతిలోంచి తన తువ్వాల జారవిడిచింది. దాని మీద సబ్బు, గరిజెలు. అన్నిటి పైన ఉల్లిగడ్డ.

పది నిమిషాల్లో జనం మూగారు. "ఉల్లిపాయంటే కన్నీళ్లండీ. పొరలు పొరలుగా దుఃఖం," అని ఒక కళ్లద్దాలాయన భార్యకు వివరించాడు. హమీదా అనే పెద్దావిడ, "ఊరికి పోయే సంచా? మంచిగున్నది," అంటూ అత్తరు సీసా వేసింది. ఇంకెవరో దువ్వెన వేశారు.

ఎవరో సంచిలో ఏవేవో పెడుతున్నారని కాపలాదారు జిలానీకి కబురందింది. ఎవరిదో తెలియని సంచి కనిపిస్తే హాలు ఖాళీ చేయించాలని రూలు. ఈల ఊదాడు.

"సంచి ఎవరిది? అందరూ బయటికి నడవుండ్రి!"

"లోపల ఉన్నదంతా కనిపిస్తనే ఉంది గద భాయ్!" అంది హమీదా.

"కనిపిస్తుంది ఆపా. కనిపిస్తే వదిలెయ్యమని రూల్ల లేదు."

యాభై మంది ఎండలో నిలబడ్డారు. సత్తెమ్మకు ఉల్లిగడ్డ గుర్తొచ్చింది.

"ఈ గొడవ మనకెందుకమ్మా, ఆ సంచిని తీసేద్దాం," అన్నాడు హరిప్రసాద్. సంతోషి ముఖం పాలిపోయింది.

"నేనే పెట్టిన బిడ్డా," అంది సత్తెమ్మ.

"ముట్టుకోవద్దన్న గదనే!"

"ముట్టలే. జారవిడిచిన."

"అది ఖాళీగనే ఉండాలె అమ్మమ్మా! తాత లేడని చెప్పనీకే గట్ల చేసిన!"

"ఆనాడు లొల్లి పెట్టుకొని నేను గరిజెలు కట్టియ్యలే. ఖాళీ సంచి పట్టుకొని పోయిండు. ఇయ్యాలన్న సర్దుదామని..."

సంతోషి హరిప్రసాద్ వైపు తిరిగింది. "సంచి తీసుడు లేదు సార్. అందులవి కూడ తీసుడు లేదు. ఇగ గదే నా బొమ్మ."

హరిప్రసాద్ జనం వైపు చూశాడు. ఒకరి చేతిలో రుమాలు, ఇంకొకరి చేతిలో బిస్కెట్ పొట్లం. అందరూ మళ్లీ లోపలికి పోవడానికే చూస్తున్నారు. "గరిజెలు వారానికోసారి మార్చాలేమో," అని మాత్రం అన్నాడు.

"నీ సంచి ఖాళీ అయింది గద అక్కా," అంటూ హమీదా సత్తెమ్మ కాశీ సంచిలో ఖర్జూరాలు వేసింది.

జిలానీ రిజిస్టరు తెరిచాడు. "సంచి ఎవరిదో రాస్తేనే తలుపు తీస్త. చెప్పమ్మా."

సత్తెమ్మ కొంగు సర్దుకొని నిటారుగా నిలబడింది. "చేసింది నా మనుమరాలు సంతోషి. సర్దింది నేను. సంచి నా పెనిమిటి పెంటయ్యది. రాస్కో."

"తీస్కపోనీకె ఆయన ఎప్పుడొస్తడు?"

'ఎప్పుడొస్తారు' అనే గడిలో జిలానీ ఆమె చెప్పినట్టే రాసుకున్నాడు: పెంటయ్య, లారీ డ్రైవర్, 1998 జూన్ 14, ఆదివారం, ఆరాంఘర్ నుంచి బెంగళూరుకు పోయాడు, తిరిగి రాలేదు.