పదకొండేళ్లుగా నలగని గ్లౌజులు

మనిషికి చేతులున్నది గ్లౌజులను కాపాడటానికే!

తొందరపడి నవ్వకండి. ఈ మాట నేను ఊరికే అనడం లేదు. ఫ్యాక్టరీల బాయిలర్లకు నల్లనూనె అమ్మే వ్యాపారంలో ఇరవై ఆరేళ్లుగా ఉన్నవాణ్ణి. అదేనండీ, ఫర్నేస్ ఆయిల్. ముడి చమురులోంచి పెట్రోలు, కిరోసిను, డీజిలు అన్నీ లాగేశాక అడుగున మిగిలే చిక్కటి మడ్డి. వేడి చేస్తేగాని కదలదు. ఒకసారి అంటుకుందంటే వదలదు. ఇంట్లో దిగిన చుట్టం గురించి చెబుతున్నానేమో అనుకునేరు, నూనె గురించే!

నా మాటకు సాక్ష్యం కావాలా? మా ఆఫీసు గదికి రండి. తలుపు తీయగానే ఎదురుగా, కిటికీ పక్కన, అద్దాల అలమారా ఉంటుంది. అందులో మోచేతుల దాకా వచ్చే ఆకుపచ్చ రబ్బరు గ్లౌజుల జత. పక్కన కళ్లకు పెట్టుకునే అద్దాలు. పైన ‘మీ భద్రతే మా ధ్యేయం’ అని ఎర్రక్షరాల బోర్డు. ఆ గ్లౌజులు కొని పదకొండేళ్లయింది. మరక లేదు, గీత లేదు, చిరుగు లేదు. నిన్ననే దుకాణం నుంచి తెచ్చినట్టు నిగనిగలాడుతూ ఉంటాయి.

ఇప్పుడు మా బావమరిది చేతులు చూడండి. వాడూ ఆ గ్లౌజులూ నూనె ట్యాంకులుండే మా యార్డుకు ఒకే వారంలో వచ్చారు. ట్యాంకు ఎక్కి, మూత తీసి, కొలబద్ద దించి, నూనె ఎంతవరకు ఉందో చూసి, కారుతున్న ఆ బద్దను తుడిచి దిగడం వాడి పని. గోళ్ల చుట్టూ నలుపు. వేళ్ల సందుల్లో పగుళ్లు. ముంజేతుల నిండా నల్లటి తలలతో మొటిమలు, పదహారేళ్లవాడి మొహాన్ని తెచ్చి చేతికి అతికించినట్టు!

ఇద్దరిలో ఎవరు మన్నారో మీరే చెప్పండి. ఒకే యార్డు, ఒకే పదకొండేళ్లు. చేతులు పాడయ్యాయి, గ్లౌజులు పాడవలేదు. తెలివైన వ్యాపారి మన్నే సరుకును కదా జాగ్రత్త చేసుకోవాలి?

అందుకే అలమారా తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. ఏడాదికోసారి తనిఖీ అధికారి వచ్చే రోజు అలమారా బయటి నుంచి తుడిపిస్తాను. అది కూడా కొత్త గుడ్డతో. బావమరిది జేబులో గుడ్డతో తుడిస్తే అద్దం పాడైపోదూ!

ఆ గుడ్డ సంగతి కూడా చెప్పాలి. నూనె తుడిచిన గుడ్డను వాడు ప్యాంటు వెనక జేబులో దోపుకుంటాడు. పొద్దున దోపితే సాయంత్రం దాకా అక్కడే. వాడి అక్క, అంటే మా ఆవిడ, ఎన్నిసార్లు మొత్తుకుందో లెక్కలేదు. “ఒరేయ్, అది తీసి అవతల పారెయ్‌రా. నూనంతా ప్యాంటులోంచి ఒంట్లోకి దిగుతోంది. రేపు డాక్టరుకు ఎక్కడని చూపిస్తావు?” అనేది.

నేనే వాడి పక్షాన నిలబడ్డాను. గుడ్డను ఎక్కడో వదిలేసి వెతుక్కునేవాణ్ణి మీరు చూడలేదా? వీడికి ఆ బాధ లేదు. పైగా ఎక్కడ కూర్చున్నా మెత్తగా ఉంటుంది. పరుపు కుర్చీ అడగని పనివాడు ఈ కాలంలో దొరుకుతాడా?

ఇక చేతులు కడుక్కోవడం. సబ్బుతో ఈ నూనె వదలాలంటే పావుగంట రుద్దాలి. మా వాడు డీజిలు డబ్బాలో రెండు చేతులూ ముంచి తీస్తాడు. నిమిషంలో తెల్లగా వస్తాయి. ఈ ఒడుపు చూసి తనిఖీ అధికారి మెచ్చుకుంటాడేమోనని పిలిచి మరీ చూపించాను.

ఆయన తల పట్టుకున్నాడు. “అయ్యా, డీజిలు మురికినే కాదు, చర్మంలో ఉండాల్సిన జిడ్డును కూడా లాగేస్తుంది. చర్మం పగులుతుంది. ఆ పగుళ్లలోంచి మీ నల్లనూనె తిన్నగా లోపలికి పోతుంది” అన్నాడు.

“లోపలికి పోతే మంచిదే కదండీ, పైకి శుభ్రంగా కనిపిస్తుంది!” అన్నాను.

చదువుకున్నవాళ్లతో ఇదే చిక్కు. ప్రతిదాంట్లోనూ నష్టమే చూస్తారు.

ఆయన అంతటితో ఆగాడా? ట్యాంకు పైకెక్కి, మూతకు బారెడు దూరంలో నిలబడి, జేబులోంచి ఏదో చిన్న యంత్రం తీశాడు. అది కుయ్యోమంది. వేడెక్కిన నూనె పైన విషవాయువు చేరుతుందట. కుళ్లిన గుడ్డు వాసన వేస్తుందట.

మా బావమరిది ధీమాగా చెప్పాడు. “మొదట్లో కాస్త కంపు కొడుతుంది సార్. రెండు నిమిషాలు తల పెట్టి ఉంచితే అదే పోతుంది.”

“పోయేది వాయువు కాదు నాయనా, నీ ముక్కు! వాసన తెలియడం మానేసిందంటే ఆ తర్వాత నువ్వు పడిపోవడమే. మూత తీశాక ముఖం పక్కకు పెట్టు. గాలి నీ వెనక నుంచి వీచేలా నిలబడు” అన్నాడాయన.

ఎంత మర్యాదస్తురాలండీ మా నూనె! వచ్చినట్టు ఒకసారి కబురు చేస్తుంది, ఆపైన మనల్ని విసిగించదు. ఎన్ని సుగుణాలని చెప్పను? కరెంటులా కొట్టదు, నిప్పులా అప్పటికప్పుడు కాల్చదు. వేడిగా మీద పడితే బొబ్బ లేస్తుంది, నిజమే. చల్లారాక మాత్రం ఏమీ ఎరగనట్టు చర్మాన్ని పట్టుకుని ఏళ్ల తరబడి ఎదురుచూస్తుంది. ఇంత ఓపికున్న సరుకు ఇంకెక్కడైనా ఉందా?

ఆ ఓపిక ఫలితం మొన్నామధ్య కనిపించింది.

బావమరిది కుడి ముంజేతి మీద శనగగింజంత గట్టి పొక్కు లేచింది. చెక్కు కట్టేది, రాలేది, కాస్త రక్తం వచ్చేది, మళ్లీ చెక్కు కట్టేది. నాలుగు నెలలైనా మానలేదు. “ఇది చూడు బావా” అని వాడు చెయ్యి చాపినప్పుడల్లా నేను ఒకటే మాట చెప్పాను. “ఒట్టి నూనేరా. ఒంటికి మంచిది. జనం కొనుక్కుని మరీ రాసుకుంటున్నారు, నీకు ఊరికే దొరుకుతోంది!”

ఈ వైద్యం మా ఆవిడకు నచ్చలేదు. తమ్ముణ్ణి రెక్క పట్టుకుని చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. ఆడవాళ్లకు బేరం తెలియదని నేనూ వెంట వెళ్లాను.

డాక్టరమ్మ భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. ఏం పనని అడిగింది. వాడు చెప్పాడు.

“మరి గ్లౌజులు లేవా బాబూ?”

“ఎందుకు లేవండీ, బ్రహ్మాండమైనవి ఉన్నాయి. మా బావ తాళం వేసి పెట్టాడు.”

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను ఫ్యాన్ వైపు చూశాను. మంచి ఫ్యాను.

పొక్కులోంచి చిన్న ముక్క కోసి పరీక్షకు పంపారు. ఫలితం రావడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ మా ఆవిడ నాతో రెండే మాటలు మాట్లాడింది. పొద్దున “తాళంచెవి ఏది?”, సాయంత్రం “తాళంచెవి ఏది?” నేను ఆఫీసులో కుర్చీ అటు తిప్పుకుని కూర్చున్నాను. ఎదురుగా ఉంటే ఆ అలమారా అద్దంలో నా మొహం కనిపిస్తోంది మరి.

పదకొండో రోజు తెలిసింది. చర్మం క్యాన్సరు. మొదట్లోనే పట్టుకున్నారు కాబట్టి ఆ చోట లోతుగా కోసి తీసేశారు. చెయ్యి దక్కింది. “ఇంకో ఏడాది ఆగి వచ్చుంటే...” అని డాక్టరమ్మ మాట మధ్యలో ఆపేసింది. మా ఆవిడ నాకేసి తిరిగి, ఆ మిగతాది చూపుతో పూర్తి చేసింది. మూడు నెలలకోసారి వాడు వెళ్లి చూపించుకోవాలి. ఈ నూనెను మళ్లీ జన్మలో ముట్టుకోకూడదు.

అసలు సంక్షోభం ఇక్కడ మొదలైంది. వాడు ముట్టుకోకూడదు సరే. మరి ట్యాంకు ఎక్కేదెవరు?

ట్యాంకరు డ్రైవరును అడిగాను. “బండి ఎక్కడికి తోలమంటే అక్కడికి తోలతానయ్యా. మూత మాత్రం తియ్యను. నాకింకా పెళ్లి కాలేదు” అన్నాడు. వాచ్‌మన్ నా మాట పూర్తికాకుండానే మోకాలు పట్టుకుని కుంటడం మొదలుపెట్టాడు. పొద్దున సైకిలు తొక్కుకుంటూ వచ్చినవాడు! చుట్టుపక్కల యార్డులన్నింటికీ కబురు పాకింది. మనిషన్నవాడు రాలేదు.

రేపు పొద్దున తొమ్మిదింటికి ట్యాంకరు వస్తోంది. దింపుకునే ముందు ట్యాంకులో ఎంత చోటుందో చూడాలి. యార్డు మొత్తంలో మిగిలిన చేతులు రెండే. అవి నావి.

దాంతో పదకొండేళ్లలో మొదటిసారి అలమారా తాళం తీశాను. కుడి గ్లౌజు పట్టుకుని లాగితే అయిదు వేళ్లూ ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. ఇంకాస్త లాగాను. బొటనవేలు అలమారా చెక్కకే ఉండిపోయింది. ఎడమదానిలో చెయ్యి దూర్చితే మణికట్టు నుంచి మోచేతి దాకా ఉల్లిపొరలా చిరిగింది. పదకొండేళ్లు కిటికీ ఎండలో ఉడికిన రబ్బరు కదా. పైకి మాత్రం ఏం నిగనిగ!

మా బావమరిది కట్టు కట్టిన చేత్తో నా కుర్చీలో కూర్చుని, ఎడమ చేత్తో టీ తాగుతున్నాడు. ముక్కలు ఏరుకుంటున్న నన్ను తాపీగా చూశాడు.

“ఏం కాదులే బావా. ఒట్టి నూనేగా! ఒంటికి మంచిది. వెనక జేబులోకి గుడ్డ ఇవ్వనా?”

వాడికి టీ తెచ్చిన మా ఆవిడ నవ్వింది. నెల రోజుల తర్వాత నా చెవిన పడిన ఆవిడ మొదటి నవ్వు. నా మీదైతేనేం!

అందుచేత పాఠకులకు నా మనవి. నా సిద్ధాంతం చెక్కుచెదరలేదు, దాని మీద ఎవరితోనైనా వాదిస్తాను. కానీ ముందు ఒక్క సాయం చేయండి. నూనె ఇంకని గట్టి గ్లౌజులు, మోచేతుల దాకా వచ్చేవి, పెద్ద సైజువి, ఎక్కడ దొరుకుతాయో తెలిసినవాళ్లు వెంటనే చెప్పండి. తనిఖీ అధికారి జేబులోని ఆ కుయ్యోమనే యంత్రం కూడా ఒకటి కావాలి. చౌకరకం చూపించకండి, ధర ఎంతైనా ఫరవాలేదు.

ఈసారి చేతులు నావి!