పంఖా కింది నగరం

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్లు: రాత్రి షిఫ్ట్ దిగి వచ్చి పంఖా కింద పడుకున్న మా బాపు లింగమూర్తి, ఆయన పక్కనే చిన్నాయన పరుశురాం, స్టవ్ దగ్గర నాయనమ్మ నర్సవ్వ, గోడకు అతుక్కుని జాగ్రఫీ చదువుకుంటున్న నేను. అమ్మ చీరలు మడతపెట్టే పనికి పోయింది. ఊరు వదిలి బతకొచ్చిన ఈ మగ్గాల పేట ఉధ్నాలో మా ఇల్లంటే ఈ ఒక్క గదే.

జాలిపడుతున్నారా? పడకండి. ఇరుకు ఒక వరం! నగరాలు ఎలా పుడతాయి, ఎలా పెరుగుతాయి అన్న ప్రశ్న రేపటి పరీక్షలో తప్పకుండా వస్తుందని మా టీచర్ చెప్పారు. అడాజన్ ఫ్లాట్లలో, ఎవరి గది వాళ్లకున్న పిల్లలు ఈ పాఠం బట్టీ పట్టాల్సిందే. పాపం! నేను తల ఎత్తితే చాలు, పాఠం గురక పెడుతూ కనిపిస్తుంది.

పని ఉన్నచోటికి మనుషులు చేరతారని ఒక సిద్ధాంతం. నిజమే. సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద పనికి మొదట బాపు వచ్చాడు. ఆయన వెనక చిన్నాయన. తర్వాత సోమలింగం మామ. మామది పగటి షిఫ్ట్ కాబట్టి బాపుకూ ఆయనకూ ఒకటే చాప. ఒకరు లేస్తే ఇంకొకరు వాలతారు. ఆ చాప చల్లబడగా నేను చూడలేదు. భూమిని ఇంత పొదుపుగా వాడుకునే నగరం ఇంకెక్కడైనా ఉందా?

నగరం కేంద్రం చుట్టూ వలయాలుగా పెరుగుతుందని ఇంకో సిద్ధాంతం. మా కేంద్రం పంఖా. దాని కింద షిఫ్టులవాళ్లు. తర్వాతి వలయం స్టవ్, నాయనమ్మ. ఆఖరున గాలి అందని శివారు, అంటే నేను. నాది ఏ షిఫ్టూ కాదు కదా, చాపలో వంతు లేదు. అడగొచ్చుగా అంటారా? ఊరి బడిలో హాజరు పిలిస్తేనే నా గొంతు లేచేది కాదు. సారు తల ఎత్తేలోగా ఆబ్సెంట్ పడేది.

పక్కపక్క నగరాలు పెరిగి కలిసిపోతాయని కూడా పుస్తకంలో ఉంది. మా బట్టల తాడు, పక్క గది ఒడియావాళ్ల తాడు ఎప్పుడో కలిసిపోయాయి. చిన్నాయన ఈ మధ్య కడుతున్న లుంగీ మాదో వాళ్లదో తేల్చే సిద్ధాంతం మాత్రం ఇంకా రాలేదు.

ఇంతలో ఎవరో తలుపు తట్టారు. తీస్తే రాజనర్సు, ఊరి నుంచి, పెద్ద సంచితో. మా వాళ్లలో ఒక పద్ధతి ఉంది. కొత్తగా వచ్చినవాడు సాంచా పని నేర్చుకునేదాకా ముందొచ్చినవాళ్ల గదిలోనే ఉంటాడు. ఆయన, సంచి, నేను ఒకేసారి గడపలో పట్టం. మర్యాదగా నేనే బయటికి దిగి, చెప్పుల మధ్య నిలబడ్డాను.

"జర మెల్లగ రా కొడుకా, పండుకున్నరు," అంది నాయనమ్మ.

"ఎంతమంది ఉంటరు పెద్దవ్వా గీ రూంల?"

"లింగమూర్తి, పరుశురాం, సోమలింగం. కోడలు, నేను. ఇగ నువ్వు."

"మరి నాకు జాగ?"

"ఊరోళ్లకు జాగ లేకుంటె ఎట్ల? గా గోడ కాడ ఖాళీనే ఉన్నది సూడు. సంచి ఆడ పెట్టు."

ఆ గోడ దగ్గరే నా జాగ్రఫీ పుస్తకం ఉంది. సంచి దాని మీద కూర్చుంది.

"నాయనమ్మా," అన్నాను. అన్నాననే అనుకుంటున్నాను.

"వెలుగు వడ్తున్నది, వాళ్ల నిద్ర ఖరాబైతది," అంది నాయనమ్మ. "ఇంకెవలు లేరు గద బయట?"

రాజనర్సు నా తల మీదుగా మెట్లవైపు చూశాడు.

"ఎవల్లేరు పెద్దవ్వా," అని తలుపు వేశాడు.