తిప్పేస్వామి అదురుడు మిషన్

పెండ్లాం సిద్దమ్మ హిందూపురం పోతుందని తెలిసిన రోజు నుంచి ధర్మవరంలో మగ్గం నేసే తిప్పేస్వామికి ముద్ద దిగలేదు. కూతురు పవిత్రకు కాన్పు. పుట్టిన బిడ్డకు మూడు నెలలు నిండేదాకా సిద్దమ్మ అక్కడే ఉండాలి.

"నేనూ వస్తా."

"అల్లుని ఇల్లు మేడ మీద ఉండాది. రెండు మెట్లెక్కితే మోకాళ్లు పట్టుకోని కూకుంటావు. నిన్నెవరు మోస్తారప్పా? ఈడే ఉండు."

ఆ మాట మోకాళ్లకన్నా ఎక్కువ నొప్పి పెట్టింది. పెళ్లయినప్పటి నుంచి ఆమె గొంతు వినకుండా ఆయనకు నిద్ర పట్టింది లేదు. తిట్టినా సరే, వినపడాలి.

హిందూపురంలో జిమ్ముకు కాపలా ఉండే బావమరిది గంగాధర ఫోన్లో ఉపాయం చెప్పాడు. "వైబ్రేషన్ మిషనుండాది బావా. మీద నిలబడితే ఒళ్లంతా అదురుతాది. ఆ అదురుకు లోపల గ్రోత్ హార్మోను దానంతటదే ఊరుతాదంట. మోకాళ్లు పడుచోని మోకాళ్లయితాయి."

"మరి నా బట్టతల?"

"దాని సంగతి కంపెనీవోళ్లు రాయలేదు బావా."

పాత మిషనొకటి పెనుకొండ మీదుగా రైల్లో వచ్చింది. మోకాళ్లకని ఆయన అయస్కాంతం చెప్పులు కొని మోసపోయినప్పటి నుంచి సిద్దమ్మ ఇట్లాంటి సరుకును గడప తొక్కనివ్వదు. అందుకని "బరువు తూచేది" అని అబద్ధమాడి మగ్గం పక్కన పెట్టాడు.

ఆమె నీళ్లకు పోగానే ఎక్కి మీట నొక్కాడు. మొదట కాళ్లు అదిరాయి, తర్వాత పొట్ట, ఆ తర్వాత బుగ్గలు. హార్మోను ఎక్కడ ఊరుతోందో తెలియలేదు గాని, నోట్లోని వక్కాకు రసం మాత్రం గడ్డం మీదుగా అంగీ మీదికి దిగింది.

చేట అడగడానికి వచ్చిన పక్కింటి నల్లమ్మ చూసింది. ఎర్రటి నోరు, ఊగే తల, వణికే ఒళ్లు.

"సిద్దమ్మా! నీ మొగునికి చౌడమ్మ తల్లి పూనింది, రావే!"

వీధి వీధంతా వేపాకులతో దిగింది. కిందిది తల్లి నిలబడే పీట అనుకున్నారు. సిద్దమ్మ బిందె దించి మిషన్నీ చూసింది, మొగుణ్ణీ చూసింది.

దిగితే అబద్ధం బయటపడుతుంది. దిగకుంటే దేవత. తిప్పేస్వామికి ఆశ పుట్టింది.

"సి-సి-సిద్దమ్మా! నీ మొ-మొ-మొగుణ్ణి హిందూపురం పిల్చుకోని పో!"

"అట్లే తల్లీ," సిద్దమ్మ చెంపలేసుకుంది. "నల్లమ్మక్కా, కర్పూరం తే. వచ్చింది తల్లేనా కాదా అని ఎలిగించి నాలిక మీద పెట్టేది మన పద్ధతే కదా."

కర్పూరం అంటుకుంది. సిద్దమ్మ అడుగు ముందుకేసింది. తిప్పేస్వామి మిషన్ మీంచి ఎగిరి, మగ్గం గుంత దాటి, వెనక గోడ దూకి, నల్లమ్మ గొర్రెపిల్లల నడుమ పడ్డాడు.

వీధి నోరు తెరిచింది.

"తల్లికి యాడనో పనుందంట," అంది సిద్దమ్మ, కర్పూరం ఆర్పుతూ.

అందరూ పోయాక గోడ మీద ఆయన తల లేచింది.

"నీ మోకాళ్లు బాగనే ఉండాయే!"

"హార్మోను..."

"హార్మోను కాదప్పా, కర్పూరం. లోపలికొచ్చి సంచి చూడు."

సంచిలో ఆమె చీరల కింద ఆయన పంచెలు, అంగీలు మడిచి ఉన్నాయి.

"మొన్ననే సర్దినా. నిన్నిడిచిపెట్టి పోతే నాకు మాత్రం ఆడ నిద్ర పడతాదా? కొంచెం బతిమాలించుకుందామని చూసినా. నువ్వేమో దేవతవైపోతివి!"

తిప్పేస్వామి గడ్డం తుడుచుకుని తల దించుకున్నాడు. "మరి మిషను?"

"టేషన్ దాకా నెత్తిన పెట్టుకో, గంగాధరకు వాపసిద్దాం. దావలో మోకాళ్లు నొప్పంటే చెప్పు, కర్పూరం నా కొంగులోనే ఉండాది."