డాబా ఎక్కిన పాఠం

జిల్లా ఆఫీసు నుంచి తనిఖీకి తిరుపతిరావు గారు వచ్చే వేళకు తొమ్మిదో తరగతిలో తుఫాను జాగ్రత్తల వీడియో క్యాసెట్ నడుస్తూ ఉండాలన్నది ఆ ఉదయం హుమాయూన్ మాస్టారి ఏర్పాటు. పది నిమిషాల పాఠం. ఆయనకు నచ్చితే టీవీ, వీసీఆర్ పామర్రు బళ్ళోనే ఉంటాయి. లేదంటే సాయంత్రానికి జిల్లా ఆఫీసుకు వెళ్ళిపోతాయి. పాఠం చెప్పడం రానివాళ్ళే బొమ్మలు చూపిస్తారని తిరుపతిరావు గారి నమ్మకమట. హెడ్మాస్టరు బసవయ్య గారు ఆ మాట చెప్పినప్పటినుంచీ మాస్టారికి అన్నం సయించడం లేదు.

టీవీ గొంతు వెనక బెంచీలకు అందదని, ప్రార్థనకు వాడే మైకు తెచ్చి దాని ముందు పెట్టారు. వెలుతురు పడకుండా కిటికీలకు దుప్పట్లు కట్టి, తలుపు మూసి, మీట నొక్కారు. ఆ మైకుకు డాబా మీద, ఊరంతటికీ వినబడే లౌడ్‌స్పీకరు కూడా ఉందన్న సంగతి ఆ కంగారులో గుర్తు రాలేదు.

"మచిలీపట్నం రేవులో పదో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారు. ప్రజలు వెంటనే దగ్గర్లోని డాబాల మీదికి చేరుకోవాలి" అంది క్యాసెట్లోని గొంతు.

బయట మబ్బు పట్టి ఉంది. చేలు కోతకొచ్చి ఉన్నాయి. పోయినేడు గోదావరి వైపు వచ్చిన తుఫానును ఎవరూ మరిచిపోలేదు. బడి ఎదుట ఇడ్లీలు అమ్మే జమాల్ బీ పొయ్యి ఆర్పి, పాత్రతో సహా బడి డాబా ఎక్కింది. బస్సు ఆపి కండక్టరు అందర్నీ దింపేశాడు. జక్కయ్య చేలోంచి ఇంటికి పరిగెత్తేసరికి అతని తల్లి అక్కడ లేదు. గట్టు తగాదాలో అతనితో మాటలు మానేసిన బాలశౌరి, ఆమెను వీపున వేసుకుని అప్పటికే బడి మెట్లెక్కుతున్నాడు.

గదిలో మాస్టారికి పైన ధబధబమని చప్పుడు వినిపించింది. తుఫాను బొమ్మకు చప్పుడు భలే కుదిరిందనుకున్నారు. బొమ్మ ఆపినా చప్పుడు ఆగలేదు. తలుపు తోసుకుని బసవయ్య గారు వచ్చారు.

"హుమాయూన్ గారూ, పిల్లల్ని పైకెక్కించండి. సముద్రం వచ్చేస్తోంది."

"ఎవరు చెప్పారండీ?"

"మన మైకే చెప్పిందండీ."

మాస్టారికి డాబా మీది లౌడ్‌స్పీకరు అప్పుడు గుర్తొచ్చింది. టీవీతోపాటు తన ఉద్యోగం కూడా జిల్లా ఆఫీసుకే అనుకున్నారు. ముందు బెంచీలోంచి హఫ్సా లేచింది.

"వదంతులు నమ్మొద్దు, ముందు రేడియో వినమని ఇందాకే క్యాసెట్లో చెప్పారుగా సార్."

హెడ్మాస్టరు గారి రేడియో పట్టుకుని పిల్లలు పైకి వెళ్ళారు. అందులో తుఫాను ఊసే లేదు, వరికి పట్టే దోమపోటు గురించి చెబుతున్నారు. "దోమపోటేనా" అన్నాడు జక్కయ్య, జీవితంలో మొదటిసారి ఆ పురుగును తలుచుకుని సంతోషించి. క్యాసెట్లో చూసినట్టే పిల్లలు వరసకట్టి, ముసలివాళ్ళను ముందు దింపారు. జమాల్ బీ అందరికీ తలో ఇడ్లీ పెట్టింది.

నీళ్ళ తొట్టి వెనక చేతిలో చెప్పులతో నిలబడ్డ పెద్దమనిషిని అందరికంటే ఆఖర్న చూశారు. బస్సు దిగి అందరికంటే ముందు డాబా ఎక్కిన తిరుపతిరావు గారు.

హుమాయూన్ మాస్టారు చేతులు జోడించారు. తిరుపతిరావు గారు కిందికి దిగుతున్న పిల్లల వరసను చూశారు.

"ఇదంతా వీళ్ళకు ఎవరు నేర్పారు?"

"టీవీయేనండీ" అన్నారు మాస్టారు.

"అయితే ఉండనివ్వండి. కానీ నేనిక్కడ ఎందుకున్నానో…"

"పైకప్పు తనిఖీ చేస్తున్నారండీ" అన్నారు బసవయ్య గారు వెంటనే.

ఆ బడి పైకప్పును అంత శ్రద్ధగా తనిఖీ చేసిన అధికారి అంతకుముందు లేరు, తర్వాతా రాలేదు.