గడ్డం మీద పుట్టుమచ్చ

2025 జూలై ఎనిమిదో తేదీ పొద్దున్నే నేనూ మా అమ్మాయి సుచిత్రా హిందూపురం బస్టాండు దగ్గర బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిని పెనుకొండ బస్సెక్కాం. ఆడపిల్ల గడ్డం ఆమె సొంతం కాదనీ, అది ప్రజల ఉమ్మడి ఆస్తి అనీ, దాన్ని తనిఖీ చేసే హక్కు ప్రతి పౌరుడికీ పుట్టుకతోనే వస్తుందనీ సాయంత్రానికి నాకు స్పష్టంగా తెలిసింది. (పెదవి కింది భాగమూ గడ్డమే, దాని మీద మొలిచే వెంట్రుకలూ గడ్డమే. మన భాష చేసిన ఈ పొదుపు ఖరీదు కూడా ఆ రోజే తెలిసింది.)

సుచిత్రకు హార్మోన్ల తేడా ఉంది. పీసీఓఎస్ అంటారు. ఒంట్లో మగ హార్మోన్లు ఉండాల్సిన దానికంటే కొంచెం ఎక్కువని హిందూపురం డాక్టరమ్మ చెప్పింది. అందుకే నెలసరి తప్పడం, మొటిమలు, గడ్డం కింద వెంట్రుకలు, పాపిట దగ్గర జుట్టు పలచబడటం, మెడ మీద నలుపు. చాలామందికి ఉంటుంది, ఎవరి తప్పూ కాదు, మందులు నిదానంగా పనిచేస్తాయి అంది. ఇంత చిన్న వివరణతో తృప్తిపడే అలవాటు మన సమాజానికి లేదు.

బస్సు సోమందేపల్లి చేరకముందే సంచార వైద్య మండలి సమావేశమైంది. పక్క సీటులో కూర్చున్న కిరాణా అంగడి సుబ్బలక్ష్మి గారు అధ్యక్షత వహించారు.

"ఏం పాపా, గడ్డం కాడ అట్లుండాదేం? పసుపు పూసుకోవా?"

"పూసుకున్నానత్తా. పచ్చగడ్డం అయింది."

"కోడికూర మానేయల్ల."

"మేం తినమత్తా."

"అదే మరి. తినకపోయేసరికే వచ్చింటాది."

(మండలి తీర్మానాలకు ఎదురు సాక్ష్యం అడ్డు రాదు.) సుచిత్ర చున్నీని గడ్డం దాకా లాక్కుంది. ఉక్కపోతలోనూ అలా కప్పుకునే తిరుగుతుంది. ఆ చున్నీ కింద ఏముందో కనుక్కోవడమే తమ బాధ్యతగా మండలి భావిస్తుంది కాబట్టి, కప్పుకున్న కొద్దీ చూపులు పెరుగుతాయి.

పెనుకొండలో దేహ చిహ్నాల ధ్రువీకరణ విభాగం అని ఒకటుంది. సుచిత్రకు ధర్మవరం ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ పోస్టు మహిళల కోటాలో వచ్చింది. మర్నాడే చేరాలి. ఈ విభాగం ముద్ర ఆ సాయంత్రంలోపు పడకపోతే పోస్టు తర్వాతి వాళ్లకు పోతుంది. పదో తరగతి సర్టిఫికెట్లో ఆమె ఆనవాలు "గడ్డం మీద పుట్టుమచ్చ" అని ఉంది. పరిశీలనాధికారి జయరామయ్య గారు ఆ మాటను కొత్త సాఫ్ట్‌వేర్‌కు అందించారు. సాఫ్ట్‌వేర్ గడ్డం అన్న పదాన్ని ఒక్క క్షణం పరిశీలించి, సుచిత్రను పురుషుడిగా నమోదు చేసుకుంది.

"మగవాళ్లకు మహిళల కోటా రాదమ్మా," అన్నారు ఆయన.

"నేను ఆడపిల్లనే సార్."

"నాకు కనపడతాంది తల్లీ. సిస్టానికి కనపడాల కదా. గడ్డం లేదని డాక్టరు కాడ రాయించుకోని రాపో."

"గడ్డం లేదని రాయిస్తే మచ్చ దేని మీద ఉన్నట్టు సార్?" అని నేను అడిగాను.

జయరామయ్య గారు గడ్డం గోక్కుంటూ నిబంధనల పుస్తకం తిరగేశారు. నిబంధన సుస్పష్టంగా ఉంది. గడ్డం ఉన్నచో పురుషుడు. లేనిచో మచ్చకు ఆధారం లేదు. మచ్చ లేనిచో వచ్చిన మనిషి సుచిత్ర కాదు. సుచిత్ర కాని మనిషికి ఈ కార్యాలయంలో పని లేదు.

ఇలాంటి చిక్కుల్లో ప్రత్యక్ష పరిశీలన చేయవచ్చునట, సాక్షుల సమక్షంలో. సాక్షుల కొరత మన దేశంలో ఎన్నడూ లేదు. క్యూ మొత్తం టేబులు చుట్టూ మూగింది. జయరామయ్య గారు ఫోన్ లైటు వేశారు. రొద్దం నుంచి వచ్చిన గంగప్ప అందరికంటే ముందుకు వంగాడు.

"మా యక్క బిడ్డకూ ఇట్లే ఉన్నింది. పెండ్లయినాక పోయింది."

"ఏం పోయింది మామా, వెంట్రుకలా, అడిగేవాళ్లా?" అంది సుచిత్ర.

ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు. లేచి నిలబడి, "పోదాం పా నాయనా. ఈ ఉద్యోగం వద్దు," అని నాకు మాత్రమే వినపడేలా అంది. వాళ్లమ్మ ఉండి ఉంటే ఏం చెప్పాలో తెలిసేది. నాకు నీళ్ల సీసా మూత తీసి ఇవ్వడం తప్ప ఏమీ తోచలేదు.

అప్పుడు అటెండరు అక్కమ్మ, "ఈడేం తిరనాళ్లా, నడవండప్పా," అంటూ క్యూనంతా వరండాలోకి తోలి తలుపు మూసింది. (ఆ విభాగంలో ఏ నిబంధనా లేకుండా జరిగిన పని ఆ రోజు మొత్తానికి అదొక్కటే.)

సుచిత్ర నీళ్లు తాగింది. మళ్లీ కూర్చుంది. చున్నీ తీసి మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"సార్, నాకు గడ్డం ఉండాది. దాని మీద గడ్డమూ ఉండాది. ఆ రెంటి నడుమ మచ్చ ఉండాది. బాగా చూసుకోని, ఉండేది ఉండేట్టు రాయండి. రేపట్నుంచి ధర్మవరంలో ఈ హార్మోన్ల పరీక్షలు చేసేది నేనే. మీ ఇంట్లో ఎవరికన్నా కావాలంటే పంపియ్యండి."

దాచుకునే వాళ్లను పట్టుకోవడానికి ఆ పుస్తకంలో చాలా నిబంధనలున్నాయి. దాచుకోని వాళ్ల కోసం ఒక్కటీ లేదు. జయరామయ్య గారు చాలాసేపు వెతికి, ఇక గత్యంతరం లేక టైపు చేయడం మొదలుపెట్టారు.

కార్యాలయం కట్టేసే వేళకు ఉత్తర్వు చేతికొచ్చింది. వరండాలో నిలబడి చదువుకున్నాం. "సదరు సుచిత్రను, తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు, స్త్రీగా పరిగణించడమైనది." ముద్ర మాత్రం నిండుగా పడింది. సుచిత్ర దాన్ని సంచిలో పెట్టుకుంది. చున్నీ కూడా అందులోనే ఉంది.

మా వెనకాలే జయరామయ్య గారు వారం రోజులుగా గీసుకోని గడ్డం గోక్కుంటూ బయటికి వచ్చి, జనం మధ్య నుంచి నడిచి వెళ్లిపోయారు. ఆయన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అక్కమ్మ ఆ రోజుకు చప్పుడు కాకుండా ఆఫీసు తలుపు మూసింది.