తాళం తిప్పే పద్ధతి

ఆ రోజు పదింటికి మాస్టారి శిష్యులిద్దరికీ, అంటే ఆయన వదినగారికీ ఒక టైలరుకీ, డ్రైవింగ్ పరీక్ష. డ్రైవింగ్ స్కూలు మాస్టారు పెందలాడే లేచి, గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. స్కూలంటే ఒక కారు, ఒక బోర్డు, అంతే. కిందటి నెల వరసగా ఆరుగురు తప్పారు. ఈసారి ఒక్కరైనా గట్టెక్కకపోతే పర్మిషన్ రద్దు చేస్తానని ఇన్‌స్పెక్టరు మొహం మీదే చెప్పాడు. మాస్టారికి వేరే పని చేతకాదు. ఆ మాటకొస్తే ఈ పని చేతనవునా అన్నది కూడా కొందరి అనుమానం.

రెండు నెలల కిందట కారుకి పాత ఇంజను తీసేసి వేరేది వేయించాడు. అప్పట్నుంచి అది స్టార్టవ్వాలంటే ప్రాణం తోడేసేది. మెకానిక్కు బ్యాటరీ మార్చాడు, ప్లగ్గులు మార్చాడు, చివరికి స్టార్టరూ మార్చాడు. కారు బుద్ధి మాత్రం మారలేదు. శిష్యుల ముందు పరువు పోతుందని మాస్టారు ఒక పద్ధతి కనిపెట్టాడు. తాళం సగం తిప్పి పది లెక్కపెట్టి ఆపాలి. మళ్లీ అంతే. మూడోసారి యాక్సిలరేటరు పూర్తిగా తొక్కిపెట్టి, తాళం చివరిదాకా తిప్పి పట్టుకోవాలి. "ఏ కారైనా ఇంతే. తెలియనివాళ్లే టక్కున తిప్పేస్తారు," అని నోటుబుక్కుల్లో రాయించాడు కూడా.

ఆ ఉదయం మెకానిక్కు కారు కిందికి దూరి, నవ్వుతూ బయటికొచ్చాడు.

"ఇంజను మార్చినప్పుడు దానికీ బాడీకీ మధ్య ఎర్త్ వైరు బిగించడం మర్చిపోయాం మాస్టారూ. కరెంటు సరిగ్గా అందక ఇన్నాళ్లూ మొరాయించింది."

"మర్చిపోయాం కాదు, మర్చిపోయావు," అంటూ మాస్టారు తాళం తిప్పాడు. కారు వెంటనే స్టార్టయింది.

"ఇక ఆ మూడుసార్ల గోల వద్దని మీవాళ్లకి చెప్పండి."

"చెప్తే ఇన్నాళ్లూ ఏం నేర్పావని నిలదీస్తారయ్యా. బాగున్న కారుకి ఆ పద్ధతి వాడితే నష్టమేముంది?"

నష్టం పదింటికి తెలిసింది. ముందు టైలరు కూర్చున్నాడు. రెండుసార్లు భక్తిగా పది లెక్కపెట్టి, మూడోసారి కసిగా తొక్కి తిప్పాడు. ఇంజను పెట్టిన కేకకి పక్కనున్న ఇన్‌స్పెక్టరు కాఫీ ఫైలు మీద పడింది. స్టార్టయినా టైలరు తాళం వదల్లేదు. లోపల ఏవో పళ్లు కరకరలాడాయి.

"ఏంటయ్యా ఇది?"

"ఇంజన్ని లేపుతున్నానండీ."

"లేపింది చాలు, దిగు."

తర్వాత వదినగారు ఎక్కింది. మాస్టారు కిటికీ దగ్గరికి వంగి, "వదినా, ఒక్కసారి తిప్పితే చాలు," అని గొణిగాడు.

"రెండు నెలలు ఒకటి నేర్పి, పరీక్షలో ఇంకోటి చెప్తావేంటి మరిదీ? నన్ను ఫెయిల్ చేయించమని మీ అన్నయ్య చెప్పారా?"

అనుమానం కొద్దీ ఆవిడ ఈసారి పదికి బదులు ఇరవై లెక్కపెట్టింది. ఇన్‌స్పెక్టరు రెండు చెవులూ మూసుకున్నాడు.

"ఎవరు నేర్పారీ విద్య?" అని ఆయన అడిగితే శిష్యులిద్దరూ గర్వంగా మాస్టారిని చూపించారు.

"అయితే మీరే స్టార్ట్ చేసి చూపించండి. సవ్యంగా చేస్తే స్కూలు ఉంచుతాను."

మాస్టారికి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఒక్కసారి తిప్పడం ఎంతసేపు? దర్జాగా కూర్చున్నాడు, సీటు సర్దుకున్నాడు, అద్దం చూసుకున్నాడు, తాళం సగం తిప్పాడు.

"ఒకటి, రెండు, మూడు," అని తన గొంతే తనకి వినిపించింది. బయట వదినగారు తృప్తిగా తలూపింది.

పర్మిషన్ పోయింది. మళ్లీ కావాలంటే వేరే స్కూల్లో నెల రోజులు నేర్చుకుని రమ్మన్నాడు ఇన్‌స్పెక్టరు. సోమవారం పక్కవీధి స్కూలు కారులో మాస్టారు శిష్యుడిగా వెనక సీట్లో కూర్చున్నాడు. ముందు సీట్లో వదినగారు. అక్కడి గురువుగారు తాళం ఒక్కసారి తిప్పగానే కారు స్టార్టయింది.

ఇంజనులో ఏదో తేడా ఉందనీ, మెకానిక్కుకి చూపించమనీ వదినగారు ఆయనకి సలహా ఇచ్చింది.