కొమురయ్యను తిట్టిన మైకు

చవక మైకు ముందు చేనును తింటుంది, మిగిలింది కోతులు తింటాయి. దేవరుప్పుల పక్క పల్లెలో సాయిలు తేల్చిన సంగతి ఇది. దీనికి ఇంకొకరి సాక్ష్యం ఆయనకు అక్కర్లేదు.

ఆ పొద్దున ఆయన పెట్టుకున్న పని చిన్నదే. జనగామకు పోవాలి, మక్కచేనులో కట్టడానికి ఒక మైకు తేవాలి, వచ్చి ఇంత అన్నం తిని పడుకోవాలి. కంకుల్లో పాలు పడుతున్నాయి. ఇప్పుడు తడి తప్పితే గింజ పట్టదు. సొంత బోరు ఎండిపోతే, గట్టు అవతలి కొమురయ్యే తన బోరు నీళ్లు పారిస్తున్నాడు. నీళ్లకు కొమురయ్య ఉన్నాడు, కోతులకే ఎవరూ లేరు. భార్య ముత్తమ్మ ఉన్నన్నాళ్లు గట్టు మీద నిలబడి ఒక్క కేక వేస్తే మూక పొలిమేర దాటేది. ముత్తమ్మ పోయింది. ఆ కబురు చుట్టాల కంటే ముందు కోతులకు అందింది.

మైకు సోమేశ్వర్ దుకాణంలో దొరికింది. ఉల్లిగడ్డలమ్మే బండికి కట్టే రకమే. ఎర్ర బొత్తం నొక్కి మాట్లాడితే అదే మాట రోజంతా అరుస్తుంది. నెత్తిన చిన్న సోలార్ పలక. "సముద్రం దాటి వచ్చిన మాల్ కాకా, కరెంటు గూడ అక్కర్లే" అన్నాడు సోమేశ్వర్. వారంటీ ఉందా అని అడిగితే నవ్వాడు. ఆ నవ్వును సాయిలు మర్యాద అనుకున్నాడు.

చేనుకు వచ్చి ముందు తన గొంతే పట్టించాడు. ముత్తమ్మ పోయాక ఆయన గట్టిగా మాట్లాడటం మానేశాడు. "పోండి" అన్నాడు. మైకు కూడా అంతే నెమ్మదిగా "పోండి, పోండి" అంది. కోతులు దాని కిందనే కూర్చొని కంకులు ఒలుచుకున్నాయి.

ఊళ్లో గొంతు అంటే కొమురయ్య భార్య సరోజదే. సాయంత్రం పిలిస్తే వచ్చింది గానీ, మైకు ముందు నిలబడగానే ఆమెకు సిగ్గు ముంచుకొచ్చింది.

"కోతులను ఏమని తిట్టాలె బావా? అవి నాకేం జేసినయి?"

"కోతుల సంగతి ఇడిసిపెట్టు. నీకు ఎవలి మీద కోపమున్నదో ఆళ్లను మనసుల పెట్టుకొని తిట్టు."

సరోజ కొంగు నడుముకు దోపింది. ఆ తర్వాత ఆమెను ఆపడం సాయిలు వల్ల కాలేదు. పేరు మాత్రం ఎత్తలేదు. ఆ ఊళ్లో ఆమె తరం ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. "పొద్దుందాక కల్లు మండువ కాడ కూసుంటవ్. ఇంట్ల బియ్యం లేవంటే గోడ దిక్కు చూస్తవ్. తినేకాడ మాత్రం ముంగటుంటవ్, అక్కరకు రానోడా."

మర్నాడు పొద్దున మైకు మొదలైంది. కోతులు చేను దిగి పోయాయి. ఆ సంతోషం సాయిలుకు చాయ తాగినంతసేపు నిలిచింది.

పేరు లేని తిట్టు కాబట్టి దారిన పోయే ప్రతి మగవాడూ అది తనకే అనుకున్నాడు. వార్డు మెంబరు వచ్చి, వచ్చే ఎన్నికల కోసమే ఇదంతా చేయిస్తున్నావా అని నిలదీశాడు. మేకలు కాసే ముసలాయన, తాను కల్లు మానేసినా ఇంకా పరువు తీయడం న్యాయమేనా అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. బడి పంతులు వేరే తోవ పట్టాడు. ఒక్క కొమురయ్యే, ఎవడికో తిట్లు బాగా పడుతున్నాయని నవ్వుకుంటూ వచ్చాడు. గట్టు దగ్గరికి వచ్చాక గొంతు గుర్తుపట్టాడు.

"ఇంట్ల తిట్లు పడలేక చేనుకు వస్త. నువ్వు గిక్కడ గూడ పెడితివి. అది నోరు మూసేదాక నీకు సుక్క నీళ్లు రావన్నా" అని మోటరు ఆపి, స్టార్టర్ డబ్బాకు తాళం వేసి పోయాడు.

సాయిలు మైకు ఆపబోయాడు. స్విచ్ ఊడి చేతిలోకి వచ్చింది. గోనెసంచి కప్పితే సరోజ గొంతు బొంగురుపోయి ఇంకా భయంకరంగా వినబడింది. పగలగొడదామని కర్ర ఎత్తాడు. అవతల కోతులు వరసగా కూర్చొని ఆ కర్రనే చూస్తున్నాయి. దించాడు. మైకు అరిస్తే నీళ్లు రావు, అరవకపోతే కంకులు దక్కవు. కొమురయ్య చేన్లో ఉన్నంతసేపు దాని నోరు మూసి, పోయాక తెరవాలి. మళ్లీ జనగామ బస్సెక్కాడు.

ఊడిన స్విచ్ చూసి సోమేశ్వర్ ఆశ్చర్యపోలేదు. "అది చూపుకే కాకా. బంద్ జేసేది రిమోట్. అది అలగ్ కొనుక్కోవాలె."

"అమ్మేటప్పుడు చెప్పద్దా?"

"మీరు అరిసేది అడిగిండ్రు. ఆగేది అడగలే."

రిమోట్ కొన్నాక తెలిసింది, అందులో బ్యాటరీ సెల్లు లేదు. అది దొరికే దుకాణం సోమేశ్వర్ బావమరిదిది. ఆ ఒక్క సెల్లు కోసం అక్కడ సెల్లుల డబ్బా మొత్తం కొనాల్సి వచ్చింది, విడిగా అమ్మరట. అక్కడ చేను ఎండుతుంటే సాయిలు పళ్లు కొరుకుతూ అన్నీ కొన్నాడు. దారి పొడుగునా చవక అనే మాట పుట్టించినవాడి వంశాన్ని తిట్టుకున్నాడు.

తిరిగి వచ్చేసరికి కొమురయ్య గట్టు మీద నిలబడి చేతులు ఊపుతున్నాడు. కోపం తగ్గలేదనుకొని సాయిలు దూరం నుంచే రిమోట్ ఎత్తి నొక్కాడు. తిట్టు మధ్యలో తెగింది.

"ఎందుకు బంద్ జేసినవే అన్నా" అని కొమురయ్య నెత్తి పట్టుకున్నాడు. మైకు తరిమిన కోతులు పొద్దటి నుంచి ఆయన చేను మీద పడ్డాయట. "తిడితే తిట్టనీ. మైకు జర గట్టు నడుమ కట్టు, ఇద్దరి చేన్లు దక్కుతయి. నీళ్లు ఇప్పుడే ఇడుస్త."

సాయిలు మళ్లీ నొక్కాడు. మైకు ఏదో పరాయి భాషలో మర్యాదగా ఒక మాట చెప్పి మూగపోయింది. ఎర్ర బొత్తం, రిమోట్, చివరికి చెంపదెబ్బ కూడా పని చేయలేదు. కొమురయ్య పరుగున పోయి భార్యను పిలుచుకొచ్చి, మైకు లేకున్నా సరే, తనను అక్కడే నిలబెట్టి తిట్టమన్నాడు. సరోజ మొగుణ్ని పైకీ కిందికీ చూసింది.

"కడుపులున్నదంత నిన్ననే కక్కిన బావా. ఇప్పుడు ఈయన్ని చూస్తే పాపమనిపిస్తుంది. తిట్టు వస్తలేదు."

కోతులు అంతదాకా ఆగలేదు. పొద్దు వాలేలోపు గట్టుకు ఇటూ అటూ పని ముగించుకొని పోయాయి. కొమురయ్య మాట తప్పలేదు, నీళ్లు వదిలాడు. చేనంతా చక్కగా పారాయి. తడపడానికి ఒక్క కంకి లేదు.

మర్నాడు వార్డు మెంబరు మెత్తబడి వచ్చి, మైకు ఏమైందని అడిగాడు.

"ఆ ముచ్చట నా ముంగట ఎవలూ తియ్యద్దు. నేను గూడ తియ్య" అన్నాడు సాయిలు.

అన్న మాట ప్రకారం ఆయన మళ్లీ నోరు విప్పలేదు, మైకూ విప్పలేదు.